పాలగిన్నెలో రాగి

జబ్బు మెల్లగా మొదలయ్యేది. ఏడాది, ఏడాదిన్నర వయసు బిడ్డ ఊరికే చిరాకు పడేది, పాలు వద్దని మొహం తిప్పుకునేది, రోజులు గడిచేకొద్దీ పొట్ట ఉబ్బేది. కుడి డొక్క కింద చెయ్యి పెట్టి చూసిన వైద్యుడికి కాలేయం గట్టిపడి, అంచు పదునుగా తగిలేది. కామెర్లు కమ్ముకుని, పొట్టలో నీరు చేరిందంటే ఇక నెలల మాటే. ఒకే తల్లి కన్న పిల్లలు వరసగా ఇదే జబ్బుతో పోయిన కుటుంబాలూ ఉన్నాయి. వైద్య గ్రంథాల్లో దీని పేరు ఇండియన్ చైల్డ్‌హుడ్ సిరోసిస్. 1887లో కలకత్తాలో సేన్ అనే వైద్యుడు దీన్ని వర్ణించి రాశాక కూడా దాదాపు వందేళ్ల పాటు కారణం ఎవరికీ అంతుబట్టలేదు. మద్రాసులోని జమ్మి వెంకటరమణయ్య గారి లివర్ క్యూర్ తెలుగు ఇళ్లలో అంతగా పేరుపడిందంటే, పసిపిల్లల కాలేయ వ్యాధి అప్పట్లో ఎంత మంది తల్లులకు భయమో ఊహించుకోవచ్చు. ఆ జబ్బు ఇప్పుడు వైద్య విద్యార్థులకు పుస్తకంలో తప్ప కనిపించడం అరుదు. దానికి టీకా ఎవరూ కనిపెట్టలేదు. వంటింట్లో పాలు కాచే గిన్నె మారింది, అంతే.

పాలలో సీసం ఉందనో, నెయ్యిలో కాడ్మియం ఉందనో వార్త వచ్చినప్పుడల్లా మనం అడిగే ప్రశ్న ఒకటే: పాలలో లోహాలు ఉన్నాయా, లేవా? ఉన్నాయి. ఎప్పుడూ ఉన్నాయి, కొన్ని ఉండాలి కూడా. కాల్షియం, జింకు, రాగి, ఇనుము, మాంగనీసు లేని పాలు పాలే కావు. అడగవలసింది ఆ లోహం ఎంత ఉంది, ఏ దారిన వచ్చి చేరింది అని. ఈ ప్రశ్న పట్టుకుని గడిచిన వందేళ్ల సాక్ష్యాన్ని తిరగేస్తే ఒక సంగతి బలంగా తేలుతుంది. పాల ద్వారా పసిపిల్లల ప్రాణం తీసిన లోహం పొదుగులోంచి వచ్చినది కాదు. పాలు పితికాక, మనుషుల చేతుల్లో కలిసినది. పరీక్షలకు పెట్టే డబ్బయినా, ప్రభుత్వం చేసే హెచ్చరికయినా, ఇంట్లో పడే జాగ్రత్తయినా ముందు అక్కడికి మళ్లాలి. పశువునూ మేతనూ వదిలెయ్యమని దీని అర్థం కాదు. ముందు దేన్ని చూడాలో, తర్వాత దేన్ని చూడాలో తెలుసుకోవాలని.

పొదుగు సంగతే ముందు చూద్దాం. లీటరు ఆవుపాలలో కాల్షియం సుమారు 1,200 మిల్లీగ్రాములు ఉంటుంది. గేదెపాలలో అంతకు సగం ఎక్కువ. జింకు 3 నుంచి 5 మిల్లీగ్రాములు. ఇనుము అర మిల్లీగ్రాము కూడా ఉండదు. రాగి ఇంకా తక్కువ, లీటరుకు 0.1 మిల్లీగ్రాము దరిదాపుల్లో. తల్లిపాలలో రాగి దీనికి రెండు మూడు రెట్లుంటుంది. ఇక్కడ గమనించవలసింది ఈ అంకెలు ఎంత మొండివో. ఆవుకు ఇనుము ఎంత దట్టించి పెట్టినా పాలలో ఇనుము పెరగదు. రాగి సంగతీ ఇంచుమించు అంతే. పాలు తయారుచేసే కణాలు రక్తంలోంచి ఏ లోహాన్ని ఎంత తీసుకోవాలో తామే నిర్ణయించుకుంటాయి, మిగతాదాన్ని రానివ్వవు. దూడకు పుట్టేటప్పుడే కాలేయంలో కొంత నిల్వ ఉంటుంది కనుక ఇంత పిసినారితనం దానికి సరిపోతుంది. విషలోహాల విషయంలోనూ పొదుగు మంచి జల్లెడే. మేతతో పశువు కడుపులోకి పోయిన సీసంలో పాలలోకి వచ్చేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. కాడ్మియం అంతకంటే తక్కువ. అవి పశువు ఎముకల్లో, కాలేయంలో, మూత్రపిండాల్లో పేరుకుంటాయి. అంటే పశువు తన ఒంట్లో దాచుకుని మనకు అడ్డం పడుతుంది.

తెలుగు నేల మీద దీనికి మంచి ఉదాహరణ ఫ్లోరైడు. అది లోహం కాదు కానీ ఖనిజమే. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట గుర్తించింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతంలో. నల్లగొండ పల్లెల్లో ఆ నీళ్లు తాగి మనుషుల నడుములే కాదు, పశువుల పళ్లూ కీళ్లూ పాడయ్యాయి. అయినా ఆ పశువుల పాలలో ఫ్లోరైడు పెద్దగా పెరగదు. అక్కడి బిడ్డకు ముప్పు పాల నుంచి కాదు, పాలలో కలిపే నీళ్ల నుంచి. మూసీ నది కథ ఇంకొంచెం చిక్కుది. హైదరాబాద్ మురుగునీటితో మూసీ ఒడ్డున ఏళ్ల తరబడి పారా గడ్డి పెంచి నగరంలోని గేదెలకు మేపుతున్నారు. పరిశోధకులు అక్కడి మట్టిని, గడ్డిని, పాలను, ఆకుకూరలను పరీక్షించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో జింకు, క్రోమియం, సీసం లాంటివి లెక్కకు వచ్చాయి. మనుషులకు ఎక్కువ ప్రమాదం వాళ్లకు ఎక్కడ కనిపించిందంటే, ఆ నీటితో పండిన పాలకూరలో, తోటకూరలో. మురుగునీటి మేత మంచిదని ఇందులోంచి ఎవరూ అర్థం తీయకూడదు. ఆ గడ్డి మేసే గేదె ఆరోగ్యం ఏమవుతుందన్నదీ ప్రశ్నే. కానీ ఆకుకూరకు లేని కాపలా పాలకు ఉందన్నది నిజం.

ఈ జల్లెడ అన్నిటినీ ఆపదు. అయోడిన్, సెలీనియం మేతలో ఎంత పెరిగితే పాలలో అంత పెరుగుతాయి. బ్రిటన్‌లో ఉప్పులో అయోడిన్ కలపాలన్న చట్టం ఎన్నడూ లేదు. పశువుల దాణాలో అయోడిన్ కలపడం, పొదుగులు కడగడానికి అయోడిన్ మందులు వాడటం మొదలయ్యాక, ఎవరూ తలపెట్టకుండానే పాల ద్వారా జనానికి అయోడిన్ అంది, గొంతువాపు తగ్గింది. ఫిన్లాండ్ నేలలో సెలీనియం తక్కువ. 1980ల మధ్య నుంచి ఎరువుల్లోనే సెలీనియం కలపాలని ఆ దేశం నిర్ణయించింది. గడ్డిలోకి, పాలలోకి, మనుషుల రక్తంలోకి అది చేరింది. ఈ రెండూ మంచి చేసినవే అయినా దారి తెరిచే ఉందని చెబుతున్నాయి. కాబట్టి పశువు దాణాలో ఏం కలుపుతున్నారో చూసుకోవాలన్న మాటను నేను కొట్టెయ్యను. పాల ద్వారా బిడ్డలను చంపిన కథల్లో మాత్రం నేరం దాణాది కాదు.

ఆ కథల్లో పెద్దది మనదే. ఇండియన్ చైల్డ్‌హుడ్ సిరోసిస్‌కు కారణం ఏమిటని ఇరవయ్యో శతాబ్దమంతా వెతికారు. తల్లి తిండిలో లోపమన్నారు, ప్రోటీన్ చాలకన్నారు, వైరస్ అన్నారు. వేరుశనగ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అని 1970ల మొదట్లో మైసూరు వైద్యులు అనుమానించారు. ఏదీ పూర్తిగా పొసగలేదు. ఎందుకంటే ఈ జబ్బు పేదవాళ్లను వెతుక్కుంటూ పోయేది కాదు. కాస్త జరుగుబాటున్న, శాకాహారం తినే, పల్లెల్లోనూ చిన్న ఊళ్లలోనూ ఉండే బ్రాహ్మణ, వర్తక కుటుంబాల్లో ఎక్కువ. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లో అరుదని ఆనాటి వైద్య నివేదికలు రాశాయి. కటిక పేదల్లోనూ తక్కువే. పోషకాహారం లోపించి వచ్చే జబ్బు తిండికి లోటులేని ఇంటినే ఎందుకు పట్టుకుంటుంది? 1970ల చివర లండన్‌లోనూ ఢిల్లీలోనూ పనిచేసిన పరిశోధకులు చనిపోయిన పిల్లల కాలేయపు ముక్కలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఒక జవాబు మొదలయింది. కణాల నిండా రాగి. మామూలు కాలేయంలో ఎండు బరువు గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉండే రాగి ఈ పిల్లల్లో వెయ్యి దాటి కనిపించింది.

రాగి ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు పుణెలో దొరికింది. అక్కడి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో షీలా భావే, ఆనంద్ పండిట్, ఇంగ్లండ్ నుంచి వచ్చి వాళ్లతో కలిసిన స్టువర్ట్ టానర్ జబ్బుపడిన పిల్లల తల్లులను కూర్చోబెట్టి ఓపికగా అడిగారు. బిడ్డకు తల్లిపాలు ఎప్పుడు మాన్పించారు? పోతపాలు ఎప్పుడు మొదలుపెట్టారు? ఏ గిన్నెలో కాచారు, ఏ గిన్నెలో ఉంచారు? జబ్బు లేని పిల్లల ఇళ్లలోనూ అవే ప్రశ్నలు వేసి పోల్చి చూశారు. జబ్బుపడిన పిల్లలకు పోతపాలు చాలా ముందే మొదలయ్యాయి. ఆ పాలు ఇత్తడి గిన్నెల్లో కాగి, ఆ గిన్నెల్లోనే గంటల తరబడి నిలవున్నాయి. 1983లో లాన్సెట్ పత్రికలో వాళ్లు ఈ సంగతి ప్రకటించారు. కులాల లెక్క కూడా ఇప్పుడు విడిపోయింది. పాలు కొనగలిగి, ఇత్తడి కొనగలిగి, మాంసం తినని ఇంట్లో బిడ్డకు ఆవుపాలే దిక్కయిన చోట జబ్బు ఎక్కువ. మట్టికుండలో వండుకుని, బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా తల్లే పాలిచ్చే పేదింట్లో తక్కువ. రాగిపాత్రకు కళాయి వేయించకుండా పొయ్యి మీద పెట్టని ముస్లిం వంటింట్లో తక్కువ. కలిగినింటి బిడ్డకు ముద్దుగా, శ్రద్ధగా, శుచిగా కాచి పట్టిన పాలే విషమయ్యాయి. ఆ తల్లుల తప్పు ఇందులో వీసమెత్తు లేదు.

పాలకూ ఇత్తడికీ ఉన్న ఈ లంకె కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇప్పటి అపోహలన్నీ ఇక్కడే పుడుతున్నాయి. ఇత్తడిలో రాగి 60, 70 శాతం, మిగతాది జింకు. పులుపు తగిలితే ఇత్తడి చిలుము పడుతుందని, చారూ పులుసూ మజ్జిగా అందులో ఉంచకూడదని మన ఇళ్లలో ఎరుగనివారు లేరు. పాలు పులుపు కాదు కదా, వాటికేం భయమనుకున్నారు. కానీ పాలలోని ప్రోటీన్ కేసీన్‌కు రాగిని పట్టి లాక్కునే గుణం ఉంది. వట్టి నీళ్లు పాత్ర గోడ నుంచి కొద్దిగా రాగిని కరిగించుకుని అక్కడితో ఆగిపోతాయి. పాలు అలా ఆగవు. కరిగిన రాగిని కేసీన్ తనకు కట్టేసుకుంటుంటే గోడ నుంచి ఇంకా వస్తూనే ఉంటుంది. వేడి, నిలవ రెండూ తోడైతే చెప్పనక్కర్లేదు. టానర్ బృందం ప్రయోగశాలలో చేసి చూపింది ఇదే: ఇత్తడి నుంచి పాలు రాగిని లాగుతాయి, గిన్నెకు లోపల తగరం పూత ఉంటే ఆ పని దాదాపు నిలిచిపోతుంది. ఆ పాలకు రంగు మారదు, రుచిలో తల్లికి తెలిసేంత తేడా ఉండదు. పసిబిడ్డ ఒంట్లో ఎక్కువైన రాగి బయటికి పోయే ప్రధాన మార్గం పైత్యరసం. నెలల బిడ్డలో ఆ దారి ఇంకా పూర్తిగా తెరుచుకోదు. పైగా పుట్టేటప్పటికే బిడ్డ కాలేయంలో రాగి పెద్దవాళ్లకంటే ఎన్నో రెట్లు నిల్వ ఉంటుంది, తల్లిపాల నెలల్లో అది మెల్లగా తగ్గాలి. సరిగ్గా ఆ రోజుల్లో పూటపూటా ఉగ్గుగిన్నెతో ఇంకా రాగి పోశారు.

దీనికి గట్టి అభ్యంతరం అమెరికా నుంచి వచ్చింది. రాగి జీవరసాయనంలో పేరున్న షైన్‌బర్గ్, స్టెర్న్‌లీబ్ 1994లో ఒక లెక్క వేశారు. మసాచుసెట్స్‌లోని మూడు ఊళ్లలో కుళాయి నీళ్లలో రాగి లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఉండేది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 2 మిల్లీగ్రాములు. అయినా ఇరవై ఏళ్లకు పైగా అక్కడ పసిపిల్లలెవరూ కాలేయ జబ్బుతో చనిపోలేదు. రాగి ఒక్కటే చంపేదైతే అక్కడ ఎందుకు చంపలేదు? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. మన దేశంలోనూ ఇత్తడి గిన్నె పాలు తాగిన పిల్లలందరూ జబ్బుపడలేదు. ఒకే ఇంట్లో అన్న పోయి తమ్ముడు బతికిన సందర్భాలున్నాయి. కొందరి శరీరంలో పుట్టుకతోనే రాగిని తట్టుకోలేని బలహీనత ఏదో ఉండి తీరాలి. ఆ జన్యువు ఏదో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. అది లేనిచోట రాగి ఒక్కటే చాలదు. కానీ రాగి లేనిచోట ఆ జన్యువూ ఏమీ చెయ్యలేదు, తేడా అంతా అక్కడుంది.

దీన్ని రుజువు చేసింది ఆస్ట్రియాలోని టిరోల్ కొండలు. 1900 నుంచి 1974 దాకా అక్కడి ఒక చిన్న పల్లెప్రాంతంలో 138 మంది పసిపిల్లలు అచ్చం మన జబ్బు లాంటిదానితోనే పోయారు. 1996లో వైద్యులు ఆ కుటుంబాల వంశవృక్షాలు గీసి చూస్తే జబ్బు తరతరాలుగా కొన్ని కుటుంబాల్లోనే తిరుగుతోందని తేలింది. కానీ ఆ కుటుంబాల్లో ఆవుపాలలో నీళ్లు కలిపి, రాగి గిన్నెల్లో కాచి పట్టే అలవాటు కూడా ఉంది. రాగి గిన్నెలు పోయి కొత్తరకం వంటపాత్రలు వచ్చాక జబ్బు ఆగింది. వంశం మారలేదు, జన్యువు మారలేదు, గిన్నె మారింది. పుణె ప్రాంతంలోనూ ఇత్తడి గిన్నె మాన్పించిన తర్వాత జబ్బు వేగంగా తగ్గింది. జబ్బును తొందరగా గుర్తించి పెనిసిలమిన్ అనే రాగిని లాగే మందు ఇచ్చినప్పుడు కొందరు పిల్లలు బతికారు కూడా. ఒక కారణాన్ని తీసేస్తే జబ్బు పోయిందంటే, ఇంకో కారణం కూడా ఉందన్న వాదం ఆ మొదటి కారణాన్ని కొట్టిపారెయ్యలేదు.

ఇక మన ఇళ్లలో వినిపించే మాట: మా నాయనమ్మలు ఇత్తడి గిన్నెల్లోనే పాలు కాచారు, మేమంతా నిక్షేపంలా ఉన్నాం. ఈ మాట అనగలిగేది బతికి బట్టకట్టినవాళ్లు. పోయినవాళ్ల తరఫున సాక్ష్యం ఆసుపత్రి రికార్డుల్లో ఉంది. నాయనమ్మలకు తెలిసిన ఇంకో సంగతిని మాత్రం మనం మరిచాం. వాళ్లలో చాలామంది ఇత్తడి పాత్రకు కళాయి వేయించనిదే పొయ్యి ఎక్కించేవారు కాదు. కళాయివాడు వీధిలోకి వచ్చి, బొగ్గుల కొలిమి పెట్టి, పాత్రను కాల్చి, నవాసాగరం చల్లి, తగరం పూసి గుడ్డతో తిప్పితే లోపలంతా వెండిలా తెల్లబడేది. ఆ పూత అరిగితే మళ్లీ పూయించాలి. ఎక్కడ కళాయివాడు రాలేదో, ఎక్కడ పూతను శుద్ధమైన ఇత్తడికి అంటిన మైలగా తలచారో, ఎక్కడ అరిగిందని గమనించలేదో అక్కడ బిడ్డకు ముప్పు వచ్చింది. పాలను పిడకల దాలిలో మట్టికుండలో కాచే పల్లె పద్ధతి ఈ విషయంలో పూర్తిగా క్షేమం. కనుక పెద్దల ఆచారం అంటే ఇత్తడి ఒక్కటే కాదు. మట్టికుండ, కళాయి కూడా ఆ ఆచారంలోవే.

ఈ పాత సంగతి ఇప్పుడు తవ్వుకోవడానికి కారణముంది. రాగి చెంబులు, ఇత్తడి తపేలాలు, కంచు గిన్నెలు మళ్లీ అంగళ్లలోకి, ఆన్‌లైన్ దుకాణాల్లోకి వచ్చాయి. స్టీలును విడిచి మన సంప్రదాయానికి మరలమని ప్రకటనలు, వీడియోలు. రాత్రంతా రాగి పాత్రలో ఉంచిన నీళ్లలో కొన్ని సూక్ష్మక్రిములు చస్తాయన్నది పరీక్షల్లో తేలిన మాటే. పెద్దవాళ్లు ఆ నీళ్లు మితంగా తాగితే సాధారణంగా నష్టం ఉండదు. కానీ నీళ్లకు చెల్లే మాట పాలకు చెల్లదు, పెద్దలకు చెల్లే మాట నెలల బిడ్డకు చెల్లదు. ఇటలీ పార్మజానో, ఫ్రాన్స్ కోంతే జున్నులు నియమం ప్రకారం రాగి తొట్లలోనే చేస్తారు కదా అని అడిగేవారున్నారు. నిజమే, ఆ జున్నులో రాగి మామూలు పాలకంటే ఎన్నో రెట్లు. కానీ దాన్ని తినేది పెద్దవాళ్లు, పిడికెడు ముక్క. అదే ఆహారంగా ఆరు నెలలు ఏ పసిబిడ్డా తినదు. అసలు పాడి పరిశ్రమ వైద్యులకంటే ముందే రాగిని దూరం పెట్టింది. లీటరుకు మిల్లీగ్రాములో పదో వంతు రాగి కలిసినా పాలకొవ్వు చెడి అట్టముక్క వాసన వేస్తుందని, వెన్న, నెయ్యి త్వరగా మక్కుతాయని గమనించి పాల ఫ్యాక్టరీలు గొట్టాలనూ తొట్లనూ స్టెయిన్‌లెస్ స్టీలుకు మార్చుకున్నాయి. నెయ్యి కోసం మారిన గిన్నె బిడ్డ కోసం మారడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది.

స్టీలులో నికెల్, క్రోమియం లేవా అని అడిగితే, ఉన్నాయి. కాని పాలు పుల్లనివి కావు, స్టీలు పైపొర మొండిది. దాంట్లోంచి పాలలోకి దిగేది లెక్కించడమే కష్టమైనంత తక్కువ. అల్యూమినియం గిన్నె కూడా పాలు కాచుకోవడానికి చాలావరకు క్షేమమే. పెరుగు తోడుపెట్టడానికి, చింతపండు పులుసుకు మాత్రం పనికిరాదు.

గిన్నె తర్వాత చూడవలసింది పాలలో కలిపేది. 1955 వేసవిలో పశ్చిమ జపాన్‌లో పసిపిల్లలకు జ్వరం, విరేచనాలు, చర్మం నల్లబడటం మొదలయ్యాయి. అందరూ తాగింది మొరినాగా కంపెనీ తొకుషిమా ఫ్యాక్టరీలో తయారైన పాలపొడి. పాలు విరగకుండా ఉండటానికి కలిపే సోడియం ఫాస్ఫేట్‌ను ఆహారానికి తగిన శుద్ధితో కొనలేదు. ఒక పరిశ్రమలో మిగిలిన ఉపఉత్పత్తి నుంచి తయారైన ఆ సరుకులో ఆర్సెనిక్ ఉంది. 12 వేల మందికి పైగా పిల్లలు జబ్బుపడ్డారు, సుమారు 130 మంది చనిపోయారు. బతికినవాళ్లలో చాలామందికి జీవితాంతం వైకల్యాలు మిగిలాయన్నది పద్నాలుగేళ్ల తర్వాత ఇంటింటికీ తిరిగి చూస్తే గానీ బయటపడలేదు. ఆ పాలిచ్చిన ఆవుల తప్పు ఏమీ లేదు. మేత పరీక్షించినా, పచ్చిపాలు పరీక్షించినా ఏమీ తేలేది కాదు. పట్టుకోవలసిన చోటు ఆ పొడి బస్తా ఒక్కటే.

మన దగ్గర పరీక్షలు ఎక్కడ జరుగుతున్నాయి? ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో దేశవ్యాప్తంగా 6,432 పాల నమూనాలు తీసి చూసింది. 13 రకాల కల్తీలు, పురుగుమందుల అవశేషాలు, యాంటీబయాటిక్స్, అఫ్లటాక్సిన్ చూశారు. విషలోహాలు ఆ జాబితాలో లేవు. తర్వాతి పాల ఉత్పత్తుల సర్వేలో లోహాలనూ చేర్చారు, అది మంచి మార్పు. అయితే ఇవన్నీ పాకెట్టులోంచి, దుకాణంలోంచి తీసిన నమూనాలు. పాలు ఇంట్లో గిన్నెలోకి మారాక ఏం జరుగుతుందో ఏ సర్వే చూడదు. పాలలో సీసానికి అంతర్జాతీయ కోడెక్స్ హద్దు కిలోకు 0.02 మిల్లీగ్రాములు, పసిపిల్లల పాలపొడిని నీళ్లలో కలిపి తాగడానికి సిద్ధం చేశాక అందులో సగం. ఇంత సన్నని హద్దును ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపాడుకుని, ఇంట్లో సీసం కలిసిన ఇత్తడిలోనో, చవగ్గా సీసం కలిపి పూసిన కళాయిలోనో పాలు కాస్తే ఆ కాపలా వృథా.

పాలలో ఉన్న లోహం గురించి ఇంత చెప్పాక, లేని లోహం గురించి చెప్పకపోతే వాదం సగమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. ఏడాది నుంచి మూడేళ్ల బిడ్డకు రోజుకు 8 మిల్లీగ్రాముల ఇనుము కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అర లీటరు పాలు తాగిన బిడ్డకు దక్కేది 0.2 మిల్లీగ్రాముల చుట్టుపక్కలే. పైగా పాలలోని కాల్షియం, కేసీన్ పక్కనున్న అన్నం పప్పుల్లోని ఇనుమును కూడా సరిగ్గా ఒంటబట్టనివ్వవు. ఏడాది లోపు బిడ్డకు పచ్చి ఆవుపాలు ఎక్కువైతే పేగుల్లోంచి కంటికి కనిపించనంత రక్తం కూడా పోతుంది. పాలు బాగా తాగుతున్నాడు, ఇంకేం కావాలి అని మురిసిపోయే ఇళ్లలో బిడ్డ పాలిపోవడానికి కారణం తరచు ఇదే. పొదుగు దగ్గర జాగ్రత్తపడి దీన్ని సరిచెయ్యలేం, ఎందుకంటే ఇనుము పొదుగు దాటి రాదు. గిన్నె ఇత్తడిదైతే వద్దన్న రాగి వస్తుంది. ఏ గిన్నె అయినా కావలసిన ఇనుము రాదు. రెండింటికీ మందు ఒకటే: బిడ్డ మొదటి ఏడాది తిండిలో పోతపాల వాటా తగ్గించడం.

ఇత్తడి పని మీద బతికేవాళ్లకు ఈ మాటలు దెబ్బ కావా? తూర్పు గోదావరి జిల్లా అజ్జరంలో, శ్రీకాకుళం జిల్లా బుడితిలో, జనగామ జిల్లా పెంబర్తిలో తరాలుగా లోహాన్ని మలిచే చేతులున్నాయి. బుడితి పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ చేతుల పని బతకాలని నేను మనసారా కోరుతాను. దాన్ని బతికించేది కళాయి. వంటకు అమ్మే ప్రతి ఇత్తడి, రాగి పాత్రకూ లోపల శుద్ధమైన తగరపు పూత ఉండాలని ప్రభుత్వం నియమం పెడితే, పూత లేనిదానిపై ‘పాలకు, పులుపుకు, పసిపిల్లల ఆహారానికి వాడరాదు’ అని తెలుగులో చెక్కించమంటే, ఆ నియమం వల్ల ఊరూరా మళ్లీ కళాయివాళ్లకు పని దొరుకుతుంది. పూజగది గంటలకూ దీపపు సెమ్మెలకూ అలంకారాలకూ ఈ షరతే అక్కర్లేదు. పాలపొడిలో, పసిపిల్లల ఆహారంలో కలిపే ప్రతి లవణానికీ లోహ పరీక్ష పత్రం లేనిదే ఫ్యాక్టరీలోకి రానివ్వకూడదు. అంగన్‌వాడీ కార్యకర్త ఇంటికి వెళ్లినప్పుడు అడిగే ప్రశ్నల్లో ‘పాలు ఏ గిన్నెలో కాస్తారమ్మా?’ అన్నది ఒకటి చేరాలి. అడగడానికి ఖర్చు లేదు.

ఇక మీ ఇంటి సంగతి. రెండేళ్ల లోపు బిడ్డ ఉంటే, పూత లేని ఇత్తడి, రాగి, కంచు పాత్రల్లో ఆ బిడ్డ పాలు కాచకండి, పోసి ఉంచకండి, ఉగ్గు కలపకండి; స్టీలు గిన్నె చాలు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే పట్టండి, ఆ తర్వాత ఉగ్గుతో పాటు పప్పు, ఆకుకూర, మీ ఇంట్లో తింటే గుడ్డు మొదలుపెట్టండి. తల్లిపాలు చాలని బిడ్డకు ఏం పట్టాలో పిల్లల డాక్టరును అడగండి. పెళ్లికో పేరంటానికో వచ్చిన ఇత్తడి పాలగిన్నె మెరుస్తూ అల్మరాలో ఉంటే, వాడకానికి తీసేముందు దాని లోపల తెల్లటి పూత ఉందో లేదో వెలుతుర్లో పెట్టి ఒక్కసారి చూడండి.